యుద్ధము ఏనాడు ముగిసినట్లు?

కొంతకాలము క్రిందట మా తరగతిలో వ్యాసరచనాభ్యాసము జరుగుచుండగా ఒక విద్యార్థి లేచి, "సార్, మొదటి ప్రపంచ యుద్ధం 1918లో ముగిసిందని ఒక పుస్తకంలో ఉంది, 1919లో ముగిసిందని ఇంకో పుస్తకంలో ఉంది. ఏది రాయాలి?" అని అడిగెను. "పరీక్షకు 1918 అని వ్రాయుము" అని చెప్పి కూర్చుండబెట్టితిమి. అతడు తృప్తి పడెను గాని మాకు తృప్తి కలుగలేదు. అతడు చదివిన రెండు పుస్తకములును నిజమే చెప్పుచున్నవి. ఒకటి తుపాకులు ఆగిన దినమును చెప్పుచున్నది, మరియొకటి సంతకములు జరిగిన దినమును చెప్పుచున్నది. ఈ రెండు దినములకు నడుమ నున్న దూరమెట్టిది, సంతకము జరిగిన పిదప దాని ఫలము ఎవరిమీద పడును అను విషయములను గూర్చి ఈ సంచికలో నాలుగు మాటలు వ్రాయ సంకల్పించితిమి. చరిత్ర మా శాఖ కాదు. మేము భాష చెప్పువారము. అయినను సంధి అను మాట మా శాఖలోనిదే గనుక ఈ సాహసమునకు పాఠకులు మన్నింతురని తలంచెదము.

వ్యాకరణములో సంధి యనగా రెండు అచ్చులు కలిసినచోట జరుగు మార్పు. ‘రాముడు’ ‘ఇతడు’ కలిసినచో ‘రాముడితడు’ అగును. ముందరి ఉకారము మాయమై వెనుకటి ఇకారము మాత్రమే నిలుచును. ‘మహా’ ‘ఇంద్రుడు’ కలిసినచో ‘మహేంద్రుడు’ అగును. ఇచట రెండు అచ్చులును పోయి మూడవది పుట్టినది. ఇక ‘మా’ ‘అమ్మ’ అను మాటలు ప్రక్కప్రక్కన నిలిచినప్పుడు సంధి జరుగదు. ‘మాయమ్మ’ అని నడుమ ఒక యకారము వచ్చి చేరును. దీనినే యడాగమ మందురు. ఆ అచ్చూ చెడలేదు, ఈ అచ్చూ చెడలేదు. రెండును ఒకదానినొకటి తాకకుండ యకారము అడ్డముగా నిలుచున్నది. యుద్ధ విరామమునకు ఇంతకంటె చక్కని పోలిక మాకు దొరకలేదు. విరామమనగా సంధి కాదు. సంధి కుదరనిచోట వచ్చి నిలుచు యకారము. మన ఉర్దూ శాఖవారును జంగ్‌బందీ వేరు, సుల్హ్ వేరు అనియే చెప్పుదురు.

ఈ యకారము ఎంతకాలము నిలువగలదో చూడదలచినవారు కొరియా దేశమును చూడవలెను. 1950 జూను నెలలో మొదలైన ఆ యుద్ధమున విరామ చర్చలు 1951 జులైలో ప్రారంభమయ్యెను. అవి ముగియుటకు రెండు సంవత్సరములు పట్టినది. సరిహద్దు ఎచ్చట గీయవలెనను ప్రశ్నకంటె, తమ దేశమునకు తిరిగి పోము అనుచున్న యుద్ధ ఖైదీలను ఏమి చేయవలెనను ప్రశ్నయే ఎక్కువ కాలము తిన్నది. ఈ రెండేండ్లును చర్చలు ఒక ప్రక్క, చావులు ఒక ప్రక్క నడచినవి. తుదకు 1953 జులై 27న పన్‌మున్‌జొమ్‌లో విరామ పత్రముపై సంతకములు జరిగెను. దక్షిణ కొరియా ప్రభుత్వము సంతకము చేయనే లేదు. ఇల్లు చేరుటకు ఒప్పుకొనని 22,000కు పైబడిన ఖైదీల విచారణ భారము తటస్థ దేశముల సంఘముపై పడెను. ఆ సంఘమునకు అధ్యక్షుడు మన సేనాని జనరల్ తిమ్మయ్య, ఆ ఖైదీలకు కావలి కాచినది మన భారత సైనికులు. ఇరు సేనల నడుమ నాలుగు కిలోమీటర్ల వెడల్పున విడిచిన నేల నేటికిని అట్లే యున్నది. శాంతి సంధి నేటికిని కుదరలేదు. అనగా ఆ యుద్ధమునకు విరామ దినము కలదు గాని, ముగింపు దినము లేదు. ఆ విద్యార్థి దీనిని గూర్చి అడిగియున్నచో పరీక్షకు ఏమి వ్రాయుమని చెప్పియుందుమో మాకే తెలియదు.

అయితే విరామములన్నియు ఇట్లు గడ్డకట్టియే యుండునని అనుకొనరాదు. మన విద్యార్థులలో పలువురు చిన్ననాటినుండి వినియున్న హుదైబియా ఒప్పందము ఇందుకు వేరైన ఉదాహరణము. హిజ్రీ 6వ సంవత్సరము, అనగా క్రీ.శ. 628లో, ముహమ్మద్ ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) సుమారు 1,400 మంది అనుచరులతో ఉమ్రా చేయుటకై మక్కాకు బయలుదేరిరి. ఖురైషులు దారిలోనే అడ్డగించిరి. చర్చలకు వారి పక్షమున సుహైల్ బిన్ అమ్ర్ వచ్చెను. ఒప్పందమును వ్రాయుచున్నవారు హజ్రత్ అలీ. ‘అల్లాహ్ ప్రవక్తయగు ముహమ్మద్’ అని వ్రాయగా సుహైల్ అభ్యంతరము చెప్పెను. మేము దానిని ఒప్పుకొన్నచో ఇంక యుద్ధ మెందులకు అని అతని వాదము. ప్రవక్త దానిని తుడిపించి ‘అబ్దుల్లాహ్ కుమారుడగు ముహమ్మద్’ అని వ్రాయించిరి. పదియేండ్లు యుద్ధము మానవలెను. ఈ యేడు తిరిగి పోవలెను. వచ్చే యేడు వచ్చి మూడు దినములు మాత్రమే యుండవలెను. మక్కానుండి పెద్దల అనుమతి లేక ముస్లింల చెంతకు వచ్చినవారిని తిరిగి అప్పగింపవలెను. అటు పోయినవారిని మాత్రము ఖురైషులు తిరిగి ఇయ్యనక్కరలేదు. షరతులు ఇవి. ఒప్పందము వ్రాత నడుచుచుండగానే సుహైల్ కుమారుడైన అబూ జందల్ సంకెళ్లతో ఈడ్చుకొనుచు వచ్చి ముస్లింల ఎదుట పడెను. మాట మాటయే గనుక అతనిని తిరిగి అప్పగించిరి. హజ్రత్ ఉమర్ అంతటివారే కలత చెందిరన్నచో తక్కినవారి మనస్సులు ఎట్లుండెనో ఊహింపవచ్చును.

చూచువారికి ఇది ఓటమివలె నుండెను. ఖురాన్ దీనిని విజయమని పేర్కొన్నది. ఆ మాటకు అర్థము తరువాతి రెండేండ్లలో తెలిసినది. భయము లేకుండ దారులు తెరచుకొనుటచే ఇరువైపులవారును రాకపోకలు సాగించిరి, మాటలాడుకొనిరి. హుదైబియాలో 1,400 మంది యుండగా, హిజ్రీ 8లో మక్కాకు చేరినవారు 10,000 మంది. అన్నిటికంటె విచిత్రము ఆ అప్పగింపు షరతు గతి. మక్కానుండి తప్పించుకొన్న అబూ బసీర్ అను నతడు మదీనాలో నిలువ వీలులేక సముద్ర తీరమున చేరి ఖురైషుల వర్తక బృందములను అడ్డగింప సాగెను. అబూ జందల్ మొదలగువారు అతనిని కలిసిరి. ఆ బాధ పడలేక ఖురైషులే వచ్చి, ఆ షరతు మాకు వలదు, వారిని మీయొద్దనే ఉంచుకొనుడని వేడుకొనిరి. తమకు లాభమని పట్టుబట్టి వ్రాయించుకొన్న వాక్యమే వారికి ఉరియైనది. చివరకు ఖురైషుల అండతో బనూ బక్ర్ తెగవారు ముస్లింల మిత్రులైన ఖుజాఆ తెగపై పడుటతో ఒప్పందము భంగమైనది. పదియేండ్లకని వ్రాసినది రెండేండ్లకే తీరినది. కాని ఆ రెండేండ్లలో జరుగవలసిన పని జరిగిపోయినది. నియమముచే అది విరామము, ఫలముచే అది సంధి. మన ఉర్దూలో దానిని సుల్హె హుదైబియా అని వ్యవహరించుట సమంజసమే.

ఇప్పుడు మా విద్యార్థి ప్రశ్నకు వత్తుము. 1918 నవంబరు 11 తెల్లవారుజామున ఫ్రాన్సులోని కొంపియేన్ అడవిలో, ఒక రైలు పెట్టెలో, జర్మనీ ప్రతినిధులు విరామ పత్రముపై సంతకము చేసిరి. పదకొండు గంటలకు కాల్పులు ఆగవలెనని నిర్ణయము. సంతకమునకును ఆ గడియకును నడుమ దాదాపు ఆరు గంటలు. ఆ ఆరు గంటలలోను, సంధి మాట తెలిసియు, సైనికులు చచ్చుచునే యుండిరి. ఇది తలచుకొన్నప్పుడెల్ల మా మనస్సు చివుక్కుమనును. తరువాత జర్మనీ రేవులపై ఓడల ముట్టడిని మిత్రరాజ్యములు 1919 జులై వరకు ఎత్తివేయలేదు. విరామ మన్నది సైనికులకు గాని ఇంటిలో ఆకలిగొన్న పిల్లలకు కాదన్నమాట.

శాంతి సంధి 1919 జూను 28న వర్సాయి అద్దాల మందిరమున జరిగినది. ఆ మందిరమును ఎన్నుకొనుటలోనే ఒక పగ యున్నది. 1871లో ఫ్రాన్సును ఓడించిన జర్మనులు తమ సామ్రాజ్యమును అచ్చటనే ప్రకటించుకొనియుండిరి. అల్సాస్ లొరేన్ సీమలను, ఐదు వందల కోట్ల ఫ్రాంకులను పుచ్చుకొని యుండిరి. నలుబది ఎనిమిదేండ్లకు ఫ్రాన్సు ఆ బాకీ తీర్చుకొన్నది. నిబంధనలు తయారగునప్పుడు జర్మనీని చర్చలకు పిలువలేదు. తయారైన పత్రమును చేతికిచ్చి సంతకము చేయుమనిరి. నష్టములకెల్ల బాధ్యత జర్మనీదియు దాని మిత్రులదియు నని 231వ నిబంధన చెప్పినది. సైన్యము 1,00,000 మించరాదనిరి. 1921లో నష్టపరిహారము 13,200 కోట్ల బంగారు మార్కులని తేల్చిరి. ఇచట మాకు వ్యాకరణము మరల జ్ఞాపకము వచ్చును: ఒక అచ్చును పూర్తిగా లోపింపజేయ జూచిరి. అచ్చు లోపించినచో శబ్దము అణగిపోవును గాని, దేశమును లోపింపజేసినచో అది అణగదు. 1940 జూనులో హిట్లరు ఫ్రాన్సును ఓడించినప్పుడు, ఆ పాత రైలు పెట్టెనే వెదకి తెప్పించి, ఆ అడవిలో ఆ తావుననే నిలిపి, ఫ్రాన్సుచే విరామ పత్రముపై సంతకము చేయించెను.

రెండవ ప్రపంచ యుద్ధమునకు వర్సాయి సంధి యొక్కటే కారణమని మేము చెప్పము. 1929 తరువాతి ఆర్థిక మాంద్యము, నాజీల దౌష్ట్యము, వారిని నిలువరింపగల వారి ఉదాసీనత, ఇవన్నియు కలవు. సంధి కఠినమైనందున కాదు, కఠినముగా వ్రాసి అమలు జరుపుట చేతగానందుననే చెడెనని వాదించు పండితులును కలరు. కాని ఒక్క భేదము గమనింపదగినది. అంతకు నూరేండ్ల ముందు నెపోలియను ఓటమి తరువాత 1815లో వియన్నాలో కూడిన రాజులు, ఓడిన ఫ్రాన్సు ప్రతినిధిని కూడ చర్చలలో కూర్చుండబెట్టిరి. 1818 నాటికి దానిని తమ కూటములో చేర్చుకొనిరి. ఆ పిదప చిన్న యుద్ధములెన్ని వచ్చినను, ఐరోపా నంతటిని చుట్టుముట్టిన యుద్ధము 1914 వరకు రాలేదు. ఆ రాజులు మంచివారని కాదు. ఓడినవానికి ఒక పీట వేయవలెనను లౌక్యము వారికి తెలిసియుండెను.

వర్సాయి పత్రముపై సంతకము చేసినవారిలో భారతదేశము కూడ కలదని మన విద్యార్థులలో ఎందరికి తెలియును? మన తరఫున సంతకము పెట్టినవారు ఇండియా వ్యవహారముల మంత్రి మాంటేగు, బికనేరు మహారాజు గంగాసింగు. పది లక్షలకు పైగా భారతీయులు ఆ యుద్ధములో సముద్రములు దాటి పోయిరి. విరామమునకును సంధికిని నడుమ నున్న ఆ ఏడెనిమిది మాసములలోనే, 1919 మార్చిలో, విచారణ లేకుండ నిర్బంధించు యుద్ధకాలపు అధికారములను శాంతికాలమునకు సాగదీయు రౌలట్ చట్టము వచ్చినది; ఏప్రిల్ 13న జలియన్‌వాలా బాగు జరిగినది. అచ్చట శాంతి పత్రము చిత్తు వ్రాయుచుండగా ఇచ్చట ఇది.

ఆ యుద్ధములోనే ఓడిన తురుష్క సామ్రాజ్యమునకు 1920 ఆగస్టులో సేవ్ర్ అను చోట మరియొక సంధిని విధించిరి. ఖలీఫా రాజ్యమును ముక్కలు చేయుటకు మన దేశమున ఖిలాఫత్ ఉద్యమము ఎంత ఉధృతముగా లేచెనో వేరుగ చెప్పనక్కరలేదు. ముస్తఫా కెమాల్ నాయకత్వమున తురుష్కులు దానిని అంగీకరింపక పోరాడి, 1923 జులై 24న లొజాన్ నగరమున క్రొత్త సంధిని సాధించుకొనిరి. ఆనాటి సంధులలో ఓడినవాడు ఎదురు కూర్చుండి మాటలాడి కుదుర్చుకొన్నది ఇదియొక్కటే. అందువలననే కాబోలు, వర్సాయి ఇరువదియేండ్లకు చినిగిపోగా లొజాన్ సరిహద్దులు చాలవరకు నేటికిని నిలిచియున్నవి.

ఇంతవరకు చదివి లొజాన్ సంధిని మెచ్చుకొనబోవు విద్యార్థి దానికి అనుబంధముగా 1923 జనవరిలో గ్రీసు, తురుష్క దేశములు చేసికొన్న ఒడంబడికను కూడ చూడవలెను. ఆ ప్రకారము తురుష్క దేశములోని గ్రీకు సంప్రదాయ క్రైస్తవులు గ్రీసునకు, గ్రీసులోని ముస్లింలు తురుష్క దేశమునకు నిర్బంధముగా మారవలెను. ఇస్తాంబుల్‌లోని గ్రీకులకు, పశ్చిమ థ్రేసులోని ముస్లింలకు మాత్రము మినహాయింపు. మొత్తము సుమారు 12 లక్షల క్రైస్తవులు (వీరిలో పెక్కుమంది యుద్ధములోనే పారిపోయి యుండిరి), 3 లక్షల 50 వేలకు పైబడిన ముస్లింలు ఇల్లు వాకిళ్లు వదలిరి. ఎవరు ఎటు పోవలెనో తేల్చినది మతము, భాష కాదు. క్రీటు ద్వీపమునందలి ముస్లింలు తరతరములుగా గ్రీకు మాటలాడువారు. అనటోలియా నడుమనున్న కరమాన్ ప్రాంతపు క్రైస్తవులు తురుష్క భాష మాటలాడువారు. గ్రీకు అక్షరములతో తురుష్క భాషను వ్రాసికొనెడివారు. ఇంటిలో ఉర్దూయు, తరగతిలో తెలుగును పలుకు మాబోటివారికి ఈ వాక్యములను చదివినప్పుడు కన్ను ముందునకు సాగదు. క్రీటునుండి వచ్చినవారు క్రొత్త ఊరి బజారులో ఏ భాషలో బేరమాడిరో, వారి పిల్లలు బడిలో ఏ భాషలో నోరు విప్పిరో అని తోచును. ఆ ఒడంబడికపై సంతకము చేసినవారిలో ఒక్కడును ఓడ ఎక్కవలసిన అవసరము లేదు.

దూరదేశముల కథలు చాలును. సంధి పత్రములలో పేరు లేనివారి గతి తెలిసికొనుటకు తెలుగువారు క్రీటు వరకు పోనక్కరలేదు. మన జిల్లాల పుట్టుకయే చాలును.

1753లో సలాబతు జంగు ఉత్తర సర్కారులను ఫ్రెంచివారికిచ్చెను. ఐరోపాలో ఇంగ్లీషువారికిని ఫ్రెంచివారికిని సప్తవర్ష సంగ్రామము మొదలుకాగా, ఆ నిప్పు ఇచ్చట చందుర్తిలో 1758లోను, బందరులో 1759లోను రగిలినది. కర్నల్ ఫోర్డు బందరు కోటను పట్టుకొన్నంతనే, ఫ్రెంచివారికి సాయము వచ్చుచున్న సలాబతు జంగు మనసు మార్చుకొని ఇంగ్లీషువారితో ఒప్పందము చేసికొనెను. ఆ పెద్ద యుద్ధము 1763 ఫిబ్రవరి 10న పారిసు సంధితో ముగిసినది. దాని 11వ నిబంధనలో ఇరు రాజ్యములును సలాబతు జంగును దక్కను సుబేదారుగా గుర్తించెను. వింత యేమనగా, అప్పటికి ఏడు మాసముల ముందే, 1762 జులైలో, తమ్ముడు నిజామలీ ఖాను అతనిని పదవినుండి దింపి బీదరులో బంధించియుండెను. పారిసులో సుబేదారు, బీదరులో ఖైదీ! ఆ సంవత్సరమే అతడు ఖైదులోనే మరణించెను. తరువాత 1765లో మొగలు పాదుషాచే ఫర్మానా పుట్టించుకొని, 1766లో నిజాముతో ఒప్పందము కుదుర్చుకొని, పేష్కషు చెల్లించు షరతుపై కుంపిణీవారు సర్కారులను పుచ్చుకొనిరి. గుంటూరు మాత్రము నిజాము తమ్ముడు బసాలతు జంగు బ్రదికినంత కాలము అతనిదే యని వ్రాసికొనిరి. అతడు 1782లో మరణింపగా 1788లో అదియు కుంపిణీ చేతికి వచ్చెను. ఒక జిల్లా ప్రజలు ఏ ప్రభుత్వము క్రింద నుండవలెనను విషయము ఒక మనిషి ఆయువుపై ఆధారపడియుండెనన్న మాట.

ఇక రాయలసీమ. 1784 మార్చిలో మంగుళూరు సంధిచే టిప్పు సుల్తాను, కుంపిణీవారు ఎవరి సీమలు వారికి తిరిగి ఇచ్చుకొనిరి. ఏదియు తేలలేదు, యడాగమమే. 1792 మార్చిలో శ్రీరంగపట్నము సంధిచే టిప్పు సగము రాజ్యమును, 3 కోట్ల 30 లక్షల రూపాయలను ఇచ్చుటకు ఒప్పుకొని, హామీగా తన ఇద్దరు చిన్న కుమారులను శత్రువుల చేతికప్పగించెను. సొమ్ము చెల్లించి 1794లో వారిని విడిపించుకొనెను. పోయిన సగములో నిజాము వాటాకు కడప సీమ వచ్చినది. ఆ సంధి ఏడేండ్లు నిలిచినది. 1799 మే 4న టిప్పు యుద్ధములో మరణించెను; మిగిలిన సగమును పంచుకొనిరి; గుత్తి, గుర్రముకొండ మొదలైనవి నిజామునకు చేరినవి. పిదప తన రాజ్యమున నిలిపిన కుంపిణీ సైన్యపు ఖర్చుకు బదులుగా, 1792లోను 1799లోను తనకు వచ్చిన సీమలన్నిటిని నిజాము 1800 అక్టోబరు 12 నాటి ఒప్పందముచే కుంపిణీకే ఇచ్చివేసెను. అట్లు ఇయ్యబడినవే దత్త మండలములు: బళ్లారి, అనంతపురము, కడప, కర్నూలు సీమలో కొంత భాగము. దత్త అను మాట ఎవరు పెట్టిరో గాని తగినదే పెట్టిరి. దత్తు పోవు పిల్లవానిని కూడ ఎవరును అడుగరు గదా. 1928లో నంద్యాల సభలో రాయలసీమ యను పేరు పెట్టుకొను వరకు ఆ పేరే మోసితిమి.

1785లో కడప ప్రాంతమున ఒక రైతు ఇంట పుట్టిన శిశువును ఊహింపుడు. ఏడవ యేట అతడు టిప్పు ప్రజ కాక నిజాము ప్రజయైనాడు. పదునైదవ యేట కుంపిణీ ప్రజయైనాడు. అతడు ఊరు కదలలేదు. ఏ సంధిలోను అతని ఊరి పేరు లేదు. అతనికి సంధి యనగా శిస్తు అడుగుటకు వచ్చు మనిషి తలపాగ మారుట. సైన్యపు ఖర్చుకు బదులుగా ఇచ్చిన సీమ గనుక, ఆ ఖర్చు అతని పొలములోనే పండవలసి యుండెను. 1800లో ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామసు మన్రో పొలములన్నిటిని కొలిపించి శిస్తు కట్టించెను. మన సీమలో నేటికిని ఆయన పేరు ఆదరముతో తలచువారు కలరు. ఆ మన్రోయే 1807లో, తాను కట్టిన శిస్తు రైతు మోయలేనంత యున్నదని, మెట్ట పొలములపై నాలుగవ వంతు తగ్గింపవలెనని పై వారికి వ్రాసెను. వారు అప్పుడు అంగీకరింపలేదు. ఆయన మద్రాసు గవర్నరుగా తిరిగి వచ్చిన 1820 తరువాత గాని ఆ తగ్గింపు అమలులోనికి రాలేదు. సంధి జరిగి అప్పటికి ఇరువదియేండ్లు దాటినది; ఆ శిశువునకు ముప్పదియైదేండ్లు నిండియుండును.